తీగ ఎవరిది? అనుమతి ఎక్కడ?

ఉత్తర కోల్‌కతాలో శ్యాంబజార్ నుంచి శోభాబజార్ వైపు నడిచేవారు తలెత్తితే ఆకాశం కంటే ముందు తీగలే కనిపిస్తాయి. పాత మేడల వరండాలను ఒరుసుకుంటూ, వీధి దీపాల స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల సందుల్లోంచి నల్లటి కట్టలు సాగిపోతుంటాయి. ఏదైనా ఒక స్తంభం దగ్గర ఆగి పరిశీలనగా చూస్తే కేబుల్ టీవీ కాలం నాటి లావుపాటి తీగలు ఒక పక్క, ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే సన్నని ఫైబర్ మరో పక్క కనిపిస్తాయి. మిగిలిన తీగను చుట్టగా చుట్టి స్తంభానికే తగిలించి ఉంటారు. జాయింట్ బాక్సులు గాలికి ఊగుతుంటాయి. ఎవరో కోసేసి వదిలేసిన కొసలు మనిషి తలకు తగిలేంత కిందికి వేలాడుతుంటాయి.

వీటిలో ఏది పనిచేస్తోంది, ఏది ఏనాడో చచ్చిపోయింది అన్నది లైన్‌మన్‌కు కూడా పరీక్షించి చూస్తే తప్ప తెలియదు. పొరపాటున బతికున్న తీగ కోస్తే పక్క కంపెనీ వాళ్లతో గొడవ. అందుకని అతను పాతది ముట్టుకోడు, పైనుంచి కొత్తది లాక్కుంటూ పోతాడు. 2012 చివర్లో నాలుగు మహానగరాల్లో కేబుల్ టీవీని డిజిటల్‌కు మార్చడం మొదలుపెట్టినప్పుడూ, ఆ తర్వాత కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్ వ్యాపారంలోకి దిగినప్పుడూ జరిగింది ఇదే. కొత్త తీగ వచ్చింది, పాత తీగ పోలేదు.

ఈ నగరంలో కరెంటు తీగలు చాలా వరకు భూమి లోపలే ఉన్నాయి. 1897లో పుట్టిన కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్, జనం నోట ‘సీఈఎస్‌సీ’, నగరం నడిబొడ్డున తన పంపిణీని ఎప్పుడో నేలలోకి దించింది. కాబట్టి తల మీద వేలాడుతున్న ఈ బరువులో ఎక్కువ భాగం టీవీదీ ఇంటర్నెట్‌దీ. స్తంభం ప్రజలది. దాని కింద రోడ్డు ప్రజలది. ఆ స్తంభానికి ఏ సంస్థ, ఏ రోజున, ఎవరి అనుమతితో, ఎంత రుసుము కట్టి తీగ తగిలించిందో ఆ వీధిలో ఇల్లున్న మనిషి తెలుసుకోగలగాలి. ఈ రోజున అది సాధ్యపడటం లేదు. బ్రాడ్‌బ్యాండ్ చట్టాల గురించి ఢిల్లీలో ఎంత మాట్లాడుకున్నా, సామాన్యుడికి తగిలే ముడి ఇక్కడే ఉంది.

తీగల కథ ఈ దేశంలో మొదలైంది కూడా కోల్‌కతాలోనే. విలియం బ్రూక్ ఓషాఘ్నెసీ అనే వైద్యుడు 1839లో హుగ్లీ ఒడ్డున బొటానికల్ గార్డెన్‌లో తీగలు కట్టి టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేశాడు. 1851 నాటికి కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా లైను పడింది. అందులో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు శివచంద్ర నంది అనే బెంగాలీ యువకుడు. 1882 జనవరిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి తెరిచినప్పుడు చందాదారులు వందమంది కూడా లేరు. 1995 జులై 31న జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన మాట ఈ దేశపు తొలి మొబైల్ కాల్. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ 4జీ మొదలుపెట్టిందీ ఈ నగరంలోనే. వీటిలో తర్వాతి అడుగులకు ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే. లైను వేసే హక్కు ఎవరిది, స్థానిక సంస్థను ఎప్పుడు అడగాలి, నష్టం జరిగితే పరిహారం ఎవరివ్వాలి అన్నది అందులో ఉంది. అయితే ఆ చట్టం రాసిన రోజుల్లో ఎక్కువగా తీగ వేసేది సర్కారే. ఒకే స్తంభం మీద పది కంపెనీలు పోటీపడే రోజు వస్తుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఇప్పుడు తీగ వేసేవాళ్లు పెరిగారు, భూమి యజమానులూ పెరిగారు. ప్రభుత్వ భూమి అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ కోల్‌కతాలో ఆ ‘ప్రభుత్వం’ చాలా ముక్కలుగా ఉంది. హౌరా నుంచి న్యూటౌన్ దాకా ఒక ఫైబర్ లైను వేయాలనుకున్న కంపెనీ దారి ఎలా ఉంటుందో చూడండి. బయల్దేరిన చోట హౌరా నగరపాలక సంస్థ. నది దాటడానికి రవీంద్ర సేతు మీదుగా వెళ్తే ఆ వంతెన శ్యామాప్రసాద్ ముఖర్జీ పోర్టు అధీనంలో ఉంది. అటు విద్యాసాగర్ సేతు మీదుగా అయితే హుగ్లీ రివర్ బ్రిడ్జ్ కమిషనర్స్‌ను అడగాలి. ఒడ్డు దాటాక బడాబజార్ నుంచి కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్. సియాల్దా దగ్గర పట్టాలు అడ్డొస్తే తూర్పు రైల్వే. ఈఎం బైపాస్ చేరితే మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ. కాలువ దాటాలంటే నీటిపారుదల శాఖ. సాల్ట్‌లేక్‌లో బిధాన్‌నగర్ కార్పొరేషన్, సెక్టర్ 5లో నబదిగంత పారిశ్రామిక టౌన్‌షిప్, న్యూటౌన్‌లో మరో అథారిటీ. నగరం మధ్యలోని మైదాన్ పక్క నుంచి వెళ్లాలనుకుంటే ఆ భూమి సైన్యానిది. ఇవి కాక హౌరా, కోల్‌కతా, బిధాన్‌నగర్ మూడూ వేర్వేరు పోలీసు కమిషనరేట్లు. ట్రాఫిక్ మళ్లించాలంటే మూడు చోట్లా తలుపు తట్టాలి.

ఎవరికి వారే యమునా తీరే. ఒక్కో ఆఫీసుకు ఒక్కో దరఖాస్తు, ఒక్కో నకలు మ్యాపు, ఒక్కో రుసుము.

కార్పొరేషన్ పరిధిలోనే ఒక దరఖాస్తు నడిచే తీరు గమనిస్తే జాప్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. కోల్‌కతా కార్పొరేషన్‌లో 144 వార్డులు, ఆ వార్డులను గుంపులుగా చేసిన 16 బరోలు. కంపెనీ తరఫున లైజన్ మనిషి రూట్ మ్యాపు పట్టుకుని వస్తాడు. బరో ఇంజనీర్లతో కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయాలి. ఎన్ని మీటర్ల రోడ్డు కోయాలి, అది తారా, కాంక్రీటా, ఫుట్‌పాత్ మీద పలకలా అన్నది కొలుస్తారు. రోడ్డు మళ్లీ వేయడానికి అయ్యే ఖర్చు లెక్కగట్టి డిమాండ్ నోట్ ఇస్తారు. డబ్బు కట్టాక రోడ్ కటింగ్ పర్మిషన్. దాంతో లాల్‌బజార్‌లోని పోలీసు ట్రాఫిక్ విభాగం దగ్గరికి. అక్కడ సరేనంటే రాత్రిపూట పని. ఇక వానాకాలంలో తవ్వకాలు ఆగుతాయి, దుర్గాపూజ ముందు ఆగుతాయి. ఈ మెట్లలో ప్రతిదానికీ కారణం ఉంది, వీటిని తీసిపారేయమని అడగడం తప్పు. పూజకు ముందు రోడ్డు తవ్వి వదిలేస్తే పందిళ్లకు వచ్చే లక్షల మంది ఏమైపోతారు?

పైగా ఈ నేల కింద ఏముందో తెలియకుండా గునపం దించడం ప్రమాదం. ఇక్కడి ఇటుక మురుగు సొరంగాల్లో కొన్ని విక్టోరియా కాలం నాటివి, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. 1911లో వాడకంలోకి వచ్చిన టాలా ట్యాంకు నుంచి వచ్చే నీటి గొట్టాలు, పాత గ్యాస్ పైపులు, ట్రామ్ లైన్ల కింది దిమ్మెలు, సీఈఎస్‌సీ కేబుళ్లు అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 2019 ఆగస్టు చివర బౌబజార్‌లో మెట్రో సొరంగం తవ్వుతున్న యంత్రం భూగర్భ జలాన్ని తాకినప్పుడు పైన ఇళ్లు బీటలు వారి కూలాయి, వందల మంది ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాల్సి వచ్చింది. అది మెట్రో పని, ఫైబర్ తవ్వకం కాదు. అయినా ఈ నగరపు నేలను ఎంత జాగ్రత్తగా ముట్టుకోవాలో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి అనుమతి ఉండాల్సిందే. అభ్యంతరమల్లా ఆ అనుమతి చీకట్లో నడవడం మీద.

కేంద్రం ఈ విషయంలో పట్టించుకోలేదని అనడానికి లేదు. 2016 నవంబర్‌లో తెచ్చిన రైట్ ఆఫ్ వే (దారి హక్కు) నిబంధనలు మొదటిసారిగా గడువు పెట్టాయి. 60 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్నాయి. పరిపాలనా రుసుము కిలోమీటరు ఫైబర్‌కు 1,000 రూపాయలు, టవరుకు 10,000 రూపాయలు దాటకూడదన్నాయి. 2022 మే నెలలో ‘గతిశక్తి సంచార్’ పోర్టల్ తెరిచారు. రాష్ట్రాలన్నిటికీ, కేంద్ర శాఖలకూ దరఖాస్తులు అందులోంచే వెళ్లాలన్నది ఉద్దేశం. 2019లో ఒక అనుమతికి సగటున 400 రోజులకు పైగా పట్టేదని టెలికాం శాఖే చెప్పుకుంది. ఆ తర్వాత అది బాగా తగ్గిందనీ చెప్పింది. 5జీ రాబోతుండగా 2022 ఆగస్టులో వీధి దీపాల స్తంభాల మీద చిన్న సెల్ (సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరం) పెట్టడానికి నగరాల్లో ఏడాదికి 300 రూపాయలు, గ్రామాల్లో 150 రూపాయలు అని ధర కట్టారు. 2023 డిసెంబర్‌లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని కింద 2024లో రాసిన రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు గడువు 67 రోజులు. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే.

చదవడానికి ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. కానీ గడియారం ఉంటే సరిపోదు, అది ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో నలుగురికీ కనబడాలి. ఫలానా కాగితం లేదంటూ గడువు చివరి వారంలో ఒక క్వెరీ వేసి ఫైలు వెనక్కి పంపితే ఆ 67 రోజులు ఎక్కడి నుంచి లెక్క? దరఖాస్తు ‘పరిష్కారమైంది’ అని పోర్టల్లో కనిపించినా, దాని అర్థం అనుమతి ఇచ్చారనా, తిప్పి పంపారనా, డబ్బు కట్టమని డిమాండ్ నోట్ ఇచ్చి ఊరుకున్నారనా? గడువు దాటాక అనుమతి వచ్చినట్టే అని నిబంధన చెబుతుంది. కానీ రాత్రి పదకొండింటికి డ్రిల్లింగ్ యంత్రం దించిన కాంట్రాక్టరును గస్తీ పోలీసు ఆపినప్పుడు అతను చూపించాల్సింది సంతకం ఉన్న కాగితం. ఇచ్చినట్టే అనే అనుమతికి సంతకం ఉండదు. అందుకే చాలామంది ఆ హక్కును వాడుకోకుండా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరగడానికే ఇష్టపడతారు. అంత ఓపిక లేనివాళ్లు అనుమతి ఊసెత్తకుండా స్తంభానికి తీగ తగిలించేస్తారు. శ్యాంబజార్ తీగల కట్ట అలా పెరిగింది.

అంటే అక్కడ వేలాడుతున్న తీగలకూ ఇక్కడ కదలని ఫైలుకూ నేరుగా సంబంధం ఉంది. సక్రమంగా అడిగినవాడికి ఆలస్యం శిక్షగా పడి, అడగనివాడికి ఏమీ కాకపోతే ఊరు ఇలాగే తయారవుతుంది.

అమెరికాలో ఇదే సమస్యకు వాళ్లు వెతుకుతున్న మందు గమనించదగ్గది. అక్కడ దేశంలోని భూమిలో నాలుగో వంతుకు పైగా ఫెడరల్ ప్రభుత్వానిది. అడవులు, ఎడారులు, మేతభూములు. వాటి మీదుగా తీగ వేయాలంటే ‘ఫారం 299’ అనే దరఖాస్తు పెట్టాలి. 2018లో చట్టం చేసి 270 రోజుల గడువు పెట్టారు. గడువు పెట్టాక అది అమలవుతోందా అని 2024లో అక్కడి కాంగ్రెస్ తరఫు తనిఖీ సంస్థ జీఏవో లెక్కలు చూసింది. భూ నిర్వహణ శాఖ, అటవీ శాఖల దగ్గర చాలా దరఖాస్తుల విషయంలో ఎన్ని రోజులు పట్టిందో నమ్మకంగా చెప్పగలిగే రికార్డే లేదని తేలింది. గడువు చట్టంలో ఉంది, తేదీ ఫైల్లో లేదు. ఈ లోటుకే విరుగుడుగా, జీఏవో లెక్కకు ముందే, దరఖాస్తు అందిన క్షణం నుంచి తేలేదాకా దాని ప్రయాణాన్ని గమనించే ఏర్పాటు ఉండాలంటూ ‘ఫెడరల్ బ్రాడ్‌బ్యాండ్ డిప్లాయ్‌మెంట్ ట్రాకింగ్ యాక్ట్’ పేరుతో ఒక బిల్లు 2023లో ప్రతినిధుల సభ ముందుకొచ్చింది. అనుమతులు సులువు చేయమని గానీ, రుసుము తగ్గించమని గానీ అది అడగలేదు. ఫైలు ఎక్కడుందో చెప్పమంది, అంతే. ఎంతో చిన్న కోరిక. కానీ మిగతా సంస్కరణలన్నీ దాని మీద నిలబడాల్సినవే.

మన దేశానికి ఇలాంటి చట్టం మరింత అవసరం. ఎందుకంటే ఇక్కడ భూమి ఒక్క యజమాని చేతిలో లేదు. రాజ్యాంగం ప్రకారం టెలిఫోన్లు, టెలిగ్రాఫులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. భూమి, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్రం నిబంధన రాస్తుంది, తవ్వేది కార్పొరేషన్ రోడ్డు. ఇద్దరి మధ్యా ఉమ్మడిగా నిలిచే రికార్డు లేకపోతే ఆలస్యానికి కేంద్రం రాష్ట్రాన్ని, రాష్ట్రం కార్పొరేషన్‌ను, కార్పొరేషన్ కంపెనీని వేలెత్తి చూపుతూ కాలం గడిచిపోతుంది. పోర్టల్లో రాష్ట్రాలవారీ మొత్తాలు చూసి ఫలానా రాష్ట్రం ముందుంది, ఫలానాది వెనకబడింది అని చెప్పుకోవడం వల్ల టాలీగంజ్‌లో తన ఇంటి ముందు రోడ్డు ఎవరు తవ్వారో, ఎప్పుడు పూడుస్తారో తెలియని మనిషికి ఒరిగేదేమీ లేదు.

నిజానికి బీజం మన చట్టంలోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తాను ఇచ్చిన రాయితీలు, పర్మిట్లు, అధికార పత్రాలు ఎవరెవరికి ఇచ్చిందో ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. రోడ్ కటింగ్ పర్మిషన్ కూడా పర్మిటే. స్తంభం మీద తీగకు ఇచ్చే అనుమతీ పర్మిటే. అయితే ఆ సెక్షన్ ఇచ్చినవాటి గురించే చెబుతుంది. పెండింగులో ఉన్నవి, తిప్పి పంపినవి, పని పూర్తయ్యాక జరగాల్సినవి దాని పరిధిలోకి రావు. జనానికి ఎక్కువ తెలియాల్సింది సరిగ్గా వాటి గురించే.

అందుకే ఇప్పుడు కావాల్సింది చట్టబద్ధమైన ఒక బహిరంగ రిజిస్టరు. ప్రభుత్వ భూమి మీద, ప్రభుత్వ స్తంభం మీద తీగ వేయడానికి వచ్చే ప్రతి దరఖాస్తుకూ ఒకే సంఖ్య ఉండాలి. హౌరాలో మొదలై న్యూటౌన్‌లో ముగిసే లైనుకు అన్ని ఆఫీసుల్లోనూ అదే సంఖ్య నడవాలి. అందిన తేదీ, క్వెరీ వేసిన తేదీ, దాని కారణం, వేసిన అధికారి హోదా, జవాబు వచ్చిన తేదీ, డిమాండ్ నోట్ మొత్తం ఎవరైనా చూడగలిగేలా ఉండాలి. గడువు దాటితే పోర్టలే తనంతట తాను అనుమతి పత్రం ఇవ్వాలి, పోలీసుకు చూపించడానికి పనికొచ్చేలా. తవ్వకం మొదలైన రోజు, పూడ్చిన రోజు, ఇంజనీరు తనిఖీ చేసిన రోజు కూడా అందులోనే ఎక్కాలి. స్తంభం మీద తీగకు ఆ సంఖ్య రాసిన బిళ్ల తగిలించాలి. సంఖ్య లేని తీగను నోటీసు ఇచ్చి, నిర్ణీత గడువు తర్వాత తొలగించే అధికారం కార్పొరేషన్‌కు ఉండాలి.

ఈ చివరి మాట కోల్‌కతాకు చాలా ముఖ్యం. మేయర్ ఫిర్హాద్ హకీం హయాంలో కార్పొరేషన్ దక్షిణ కోల్‌కతాలోని హరీశ్ ముఖర్జీ రోడ్డును ప్రయోగంగా ఎంచుకుని తల మీది తీగలను తొలగించే పని చేపట్టింది. ఎంత మంచి ప్రయత్నమైనా, ఏ తీగ ఎవరిదో చెప్పే చిట్టా లేనప్పుడు ప్రతి స్తంభం దగ్గరా ఆగి ఆపరేటర్లందరినీ పిలిచి ఇది మీదేనా అని అడగాలి. ఒక్క రోడ్డుకు అలా చేయవచ్చు. 144 వార్డులకు ఎప్పటికి అవుతుంది?

2020 మే 20న అంఫన్ తుపాను వచ్చినప్పుడు ఈ చిట్టా లేని లోటు ఎంత ఖరీదైనదో నగరం చవిచూసింది. వేల చెట్లు కూలాయి. కూలిన చెట్టు తనతో పాటు స్తంభాన్నీ, దాని మీది తీగల కట్టనూ లాక్కుపోయింది. అది లాక్‌డౌన్ కాలం. పిల్లల పాఠాలు, ఆఫీసు పని, దూరంగా ఉన్నవాళ్ల క్షేమసమాచారం అన్నీ ఇంటర్నెట్ మీదే ఆధారపడిన రోజులు. చెట్లు తొలగించడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. కరెంటు వచ్చాక కూడా ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ రాలేదు. చిక్కుముడిలో ఏది ఎవరిదో విడదీయడం అంత తేలిక కాదు మరి. అలాంటి తుపాను బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఏ నగరానికైనా మళ్లీ రావచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన విశాఖకు వేరే చెప్పాలా. ఆ దెబ్బ తర్వాతే అక్కడ కరెంటు లైన్లను ప్రపంచ బ్యాంకు సాయంతో భూమిలోకి దించడం మొదలైంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం ఈ చర్చకు రెండు వైపులా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విషయంలో రాష్ట్రం తెలివైన దారి పట్టింది. రోడ్లు తవ్వే బాధ లేకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. స్తంభాలూ సర్కారువే, ఫైబరూ సర్కారుదే కాబట్టి అనుమతుల తతంగం లేకుండా పని నడిచింది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్న మాట పల్లెల్లో బాగా పాకింది. తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ వేసింది. ఒకసారి తవ్వితే రెండు పనులు కావాలన్న ఆలోచన అది. యజమాని ఒక్కరే అయితే పని ఎంత సాఫీగా సాగుతుందో ఈ రెండూ చూపించాయి.

హైదరాబాద్ నగరంలో జరిగింది మాత్రం ఇంకో వైపు. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించారు. ఆ వెంటనే స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ పంపిణీ సంస్థ కోయడం మొదలుపెట్టింది. నగరంలో చాలా చోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. ఒక టెలికాం సంస్థ హైకోర్టుకు వెళ్లింది. అనుమతి ఉన్న తీగ ఏది, లేనిది ఏది అన్న ప్రశ్న కోర్టు హాల్లో తలెత్తింది. ఆ ప్రశ్నకు జవాబు ప్రాణాలు పోకముందే ప్రతి స్తంభం మీదా కనిపించి ఉండాల్సింది. చచ్చిన తీగను కోయడానికి, బతికిన తీగను కాపాడటానికి ఒక్క రిజిస్టరు చాలేది. అది లేక కోత ఒక పక్క, కొట్లాట మరో పక్క నడిచాయి.

ఇక బెంగాల్లోనే తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌ను చూస్తే ప్రభుత్వ భూమి అన్న మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. ఆ పట్టణంలో పెద్ద భాగం రైల్వే భూమి. తరాల కిందట బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడే పాతుకుపోయాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే అందుకు ఆ జనాభాయే కారణం. రైల్వే కాలనీలోకి ఒక ప్రైవేటు ఆపరేటరు ఫైబర్ తేవాలంటే మున్సిపాలిటీ సరిపోదు, రైల్వే అనుమతి కావాలి. పట్టాల వెంబడి దేశమంతా ఫైబర్ పరిచిన రైల్‌టెల్ కూడా రైల్వే సంస్థే. అక్కడి క్వార్టర్స్‌లో ఉండే కుటుంబానికి శ్రీకాకుళంలోని అవ్వతో వీడియోలో మాట్లాడే మాట తెగిపోతుంటే, తమ వీధికి లైను అడిగినవాళ్లున్నారా, ఉంటే ఆ దరఖాస్తు ఏ బల్ల మీద ఉంది అన్నది తెలుసుకునే హక్కు వాళ్లకు ఉండాలి. ఆ సమాచారం వాళ్లకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. తీగల మ్యాపులన్నీ బయటపెడితే దేశభద్రతకు ముప్పు అని ఒకరంటారు. అందులో నిజం ఉంది. కచ్చితమైన దారి, లోతు తవ్వే సంస్థలకు మాత్రమే తెలిస్తే చాలు. ఆ పని కోసం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ 2023 మార్చి నుంచి ఉంది. తవ్వబోయేవాడు చోటు చెబితే అక్కడ ఆస్తులున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. సమన్వయం లేని తవ్వకాల వల్ల ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయలు నష్టమని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. పౌరుడికి కావాల్సింది తీగ లోతు కాదు, అనుమతి స్థితి. ఈ రెండిటినీ వేరు చేయడం కష్టమేమీ కాదు.

స్థానిక సంస్థలది వేరే బాధ. రుసుముకు కేంద్రం పరిమితి పెట్టింది, గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అంది, ఇప్పుడు ప్రతి ఆలస్యాన్నీ బజార్లో పెడతామంటే తమకు మిగిలేదేమిటన్నది వాళ్ల ప్రశ్న. దీన్ని కొట్టిపారేయకూడదు. సరిపడా ఇంజనీర్లు లేని బరో ఆఫీసు ఫైళ్లలో మునిగిపోయి ఆలస్యం చేస్తే అది అలసత్వం కాదు. కానీ ఆ సంగతి బయటపడాలన్నా రికార్డే కావాలి. ఎక్కడ ఎన్ని దరఖాస్తులు, ఎంత మంది సిబ్బంది, ఎన్ని రోజులు అన్న లెక్క కళ్ల ముందుంటే అదనపు పోస్టులు అడగడానికి మేయరుకు బలం వస్తుంది. రోడ్డు తవ్వి సరిగా పూడ్చని కంపెనీ పేరూ అందులోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని తర్వాతి దరఖాస్తు ఆపవచ్చు. ఇప్పుడు ఆ ఆధారం కార్పొరేషన్ చేతిలో లేదు. కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరు మీద, అతను కంపెనీ మీద నెట్టేసి చేతులు దులుపుకుంటున్నారు.

చిన్న ఆపరేటర్ల భయం అన్నిటికంటే న్యాయమైనది. కోల్‌కతా ఇళ్లకు ఇంటర్నెట్ చేర్చినవాళ్లలో అలయన్స్, మేఘ్‌బేలా వంటి స్థానిక సంస్థలూ, వాటి కింద పేటపేటకీ ఉన్న కేబుల్ ఆపరేటర్లూ ఉన్నారు. పెద్ద కంపెనీకి లైజన్ విభాగం ఉంటుంది, వీళ్లకు ఉండదు. సంఖ్య లేని తీగలు తీసేస్తామన్న రోజున మొదట దెబ్బ తినేది వీళ్లే. కాబట్టి ఇప్పటికే వేలాడుతున్న తీగలను నమోదు చేసుకోవడానికి ఏడాది గడువు, నామమాత్రపు రుసుము, బరో ఆఫీసులోనే సాయం చేసే కౌంటరు ఇవ్వాలి. తీగలు నేలలోకి దించే చోట కార్పొరేషనే ఉమ్మడి డక్టు వేసి అందులో చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకే ధరకు చోటివ్వాలి. ఉమ్మడి డక్టులు, కేబుల్ కారిడార్ల ఆలోచన 2023 చట్టంలో ఉంది. దాన్ని వాడుకోవడమే తరువాయి.

పార్లమెంటు కదిలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. రోడ్లు, స్థానిక సంస్థలు రాష్ట్రానివి కాబట్టి బెంగాల్ శాసనసభ గానీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు గానీ తమ మున్సిపల్ చట్టాలకు ఒక సవరణ తెచ్చి ఈ రిజిస్టరును తప్పనిసరి చేయవచ్చు. కార్పొరేషన్ అయితే అంతకంటే ముందే, సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద, ఈ ఏడాది తాను ఇచ్చిన రోడ్ కటింగ్ పర్మిషన్లన్నిటినీ వార్డులవారీగా తన వెబ్‌సైట్లో పెట్టవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఫైళ్లలో ఉన్న తేదీలను ఒక పట్టికలోకి ఎక్కిస్తే చాలు. హరీశ్ ముఖర్జీ రోడ్డు ఉన్న బరోతోనే అది మొదలుపెట్టవచ్చు.